అయిపోయాక తీసినవి

ఫిబ్రవరి 9, సోమవారం

నాకేం కోపం లేదు. ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే కింద రాయబోయేది తర్వాతెప్పుడైనా చదువుకుంటే కోపంగా ఉన్నప్పుడు రాసినట్టే కనిపిస్తుంది.

పొద్దున స్టూడియో తీయగానే అన్నయ్యకి రెండు ఫోటోలు చూపించాను. ఒకటి బస్సు డ్రైవరుది, ఇంకోటి లెక్కల మాస్టారిది. మూడేళ్ళుగా దాచుకున్నవాటిలో అవి నాకు బాగా ఇష్టం. చూపించే ముందు స్క్రీన్ రెండుసార్లు తుడిచాను కూడా. అన్నయ్య నుదుటి మీద ఉన్న కళ్ళజోడు దించకుండానే చూశాడు.

"కళ్ళు సగం మూతపడ్డాయిగా. డిలీట్ చెయ్యి. ఊరికే జాగా తినేస్తున్నాయి."

"కావాలనే తీశాను అన్నయ్యా."

"కావాలని చెడగొట్టడమేంటే?"

అంతే. ముందున్న పెద్ద గదిలోకి వెళ్ళిపోయాడు. పెళ్ళిళ్ళు, కుటుంబాలు, పువ్వుల తెరలు, అదంతా ఆయన రాజ్యం. వెనక చిన్న గది నాది. ఒక స్టూలు, ఒక తెల్లగుడ్డ, రెండు లైట్లు. పాస్‌పోర్ట్ గది.

పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో సగం మందిని నోరు మూసుకోమన్నది నేనే. పళ్ళు కనపడకూడదు, చెవులు కనపడాలి, గడ్డం కొంచెం దించండి, నవ్వకండి. అంతా అయ్యాక "అయిపోయిందండి" అంటాను. అన్నయ్య అలా అనడు, "ఓకే, నెక్స్ట్" అంటాడు. నెక్స్ట్ అనగానే మనిషి గబుక్కున లేచి చెప్పులు వెతుక్కుంటాడు. అదే అయిపోయింది అంటే ఒక్క క్షణం అలాగే కూచుంటాడు. బిగపట్టుకున్నదంతా వదిలేస్తాడు. భుజాలు దిగుతాయి, మొహం ఎవరికోసమూ కాకుండా పోతుంది. ఆ క్షణంలో ఇంకోసారి నొక్కుతాను.

మొదటిసారి వేలు జారి నొక్కాను. అది బస్సు డ్రైవరు. ఆ తర్వాత నుంచి జాగ్రత్త కోసం తీస్తున్నాను, మొదటిది చెడితే రెండోది ఉంటుందని. అంతకు మించి ఏం లేదు.

అవన్నీ కంప్యూటర్లో "చెత్త" అనే ఫోల్డర్లో పెట్టాను. ఆ పేరుంటే అన్నయ్య జన్మలో తెరవడని.

ఫిబ్రవరి 11, బుధవారం

ఒంటిగంట నుంచి మూడింటి దాకా స్టూడియో మూసి ఉంటుంది. అన్నయ్య కునుకు తీస్తాడు, నేను లైబ్రరీకి పోతాను. అక్కడి మేడమ్ ఇవాళ నాకోసం లోపలి బీరువాలోంచి ఓ లావుపాటి పుస్తకం తీసింది. ఇంటికివ్వరు, అక్కడే చూడాలి. ఫోటోల పుస్తకమే గానీ, విడివిడి ఫోటోలు కావు, వరుసలు. ఒక్కొక్కరు ఒకే సంగతి పట్టుకుని పది, ఇరవై, ముప్ఫై తీశారు.

ఒకాయన ఎదురింటి కిటికీని ఏడాది పాటు తీశాడు. అదే చోటు, అదే దూరం. మొదటి మూడూ చూసి ఈ మనిషికి వేరే పనేం లేదా అని తిట్టుకున్నాను. అయిదో దాంట్లో కర్టెన్ మారింది. ఏడో దాంట్లో ఒక మందుసీసా. తొమ్మిదో దానికల్లా నేనే ఆ ఇంటి మీద నిఘా వేసినదాన్నయ్యాను, సీసాలు లెక్కపెడుతున్నాను. పద్నాలుగో దాంట్లో కర్టెన్ లేదు. పేజీ తిప్పడానికి చెయ్యి రాలేదు. ఆ ఇంట్లో ఎవరున్నారో నాకు తెలీదు, ఏమైందో ఆయన రాయలేదు. ఆ పద్నాలుగోది ఒక్కటే చింపి ఎవరికైనా చూపిస్తే కిటికీ అంటారు, అంతే.

అదే పుస్తకంలో ఇంకొకావిడ గొడుగులు తీసింది. రంగురంగులవి, ఒకదాన్ని మించి ఇంకోటి అందంగా ఉన్నాయి. నాలుగు చూసేసరికి విసుగొచ్చింది. ఎందుకొచ్చిందో దారంతా ఆలోచించాను. గొడుగులావిడ ప్రతిసారీ మనల్ని మెప్పించాలని చూస్తోంది. కిటికీ ఆయనకి మన గోలే పట్టలేదు. ఒక పద్ధతి పెట్టుకున్నాడు, ఏడాదంతా దాన్నించి కదల్లేదు. ఆయన కదలకపోబట్టే కదిలిందేదో మనకి కనిపించింది. మనమే వెతుక్కున్నాం, మనమే దొరకబుచ్చుకున్నాం, అందుకే వదల్లేకపోయాం.

నా చెత్తలోనూ ఒక పద్ధతి ఉంది. అదే స్టూలు, అదే గుడ్డ, అదే లైటు, అదే మాట. మారేది మనిషొక్కడే.

డిలీట్ చెయ్యను. ఏం చేసుకుంటాడో చేసుకోమను.

ఫిబ్రవరి 12, గురువారం

ఇవాళ పదిమంది వచ్చారు. ఒక్కరూ పనికిరాలేదు. అంటే అందరివీ చక్కగా పడ్డాయి.

ఫిబ్రవరి 16, సోమవారం

ఇరవై మూడు ఏరి, చిన్న ప్రింట్లు తీసుకుని మేడమ్‌కి చూపించాను. ఆవిడ కంగారు పడకుండా ఒక్కొక్కటే టేబుల్ మీద పరిచింది. నర్సు ఫోటో దగ్గర చాలాసేపు ఆగింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు చూసి కళ్ళజోడు తీసేసింది.

"మెట్ల పక్కన హాల్లో గోడ ఖాళీ అవుతోంది. మార్చి మూడో వారంలో పెడదామా? మీ పేరు మీదే."

నా పేరు మీద. నా పేరు ఇప్పటిదాకా కరెంటు బిల్లు మీద కూడా లేదు.

"వీళ్ళందరికీ తెలుసుగా, ఇవి తీసినట్టు?" అని అడిగింది మేడమ్.

తెలుసని చెప్పాను. తెలియకపోవడమేంటి, కెమెరా ముందే కూచున్నారుగా.

ఫిబ్రవరి 17, మంగళవారం

వదిన ఫోటో తీయించుకుంది. ముందు కౌంటర్లో కూచుని రసీదులు రాసేది వదినే, వెనక గదిలోకి అడుగుపెట్టడం మాత్రం అరుదు. పాస్‌పోర్ట్ గడువు తీరిపోయిందట. పదేళ్ళలో ఎక్కడికీ వెళ్ళింది లేదు, దాని గడువు మాత్రం తీరిపోయింది. అదే మాట అని నవ్వింది. నవ్వకు వదినా అన్నాను.

తీశాను. అయిపోయింది వదినా అన్నాను. ఇంకోటి తీశాను.

ఇంతవరకు తీసినవాటిలో ఇలాంటిది లేదు. అలసట కాదు, బాధ కూడా కాదు. ఆ మొహంలో అన్నయ్య లేడు, పిల్లలు లేరు, నేను లేను. పద్దెనిమిదేళ్ళుగా ఒకే ఇంట్లో తిరుగుతున్నాం, ఈవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

ఇరవై నాలుగు అయ్యాయి.

ఫిబ్రవరి 20, శుక్రవారం

మేడ మీద నా గదిలో మంచం నిండా ఫోటోలే. పొద్దున్నించీ వరుస పేరుస్తున్నాను, తలప్రాణం తోకకొస్తోంది. నర్సు పక్కన లెక్కల మాస్టారిని పెడితే ఇద్దరూ కలిసి జోకు అవుతున్నారు, ఆవిడ ఇంజెక్షన్ ఇచ్చినట్టూ ఆయన భరించినట్టూ. దర్జీ ఆవిణ్ణి మొదట పెడితే తర్వాత వచ్చేవాళ్ళందరూ దిగులుగా కనిపిస్తున్నారు. ఏ ఫోటోనీ నేను ముట్టుకోలేదు, పక్కనున్న మనిషి మారితే చాలు, మొహమే మారిపోతోంది.

వదినని ఎక్కడ పెట్టినా ఆ పక్క రెండూ వెలవెలబోతున్నాయి. చివరికి ఆఖర్న పెట్టాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

అన్నయ్య ఫోల్డరు చూశాడు. కంప్యూటరు మొరాయిస్తోందని చెత్తంతా ఊడ్చేద్దామని కూచుని, తెరిచాడు. చాలాసేపు పైకీ కిందికీ జరుపుతూ కూచున్నాడు.

"బాగున్నాయే. ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

బాగున్నాయి అన్నాడు. మా అన్నయ్య. నేను తీసినదాన్ని. ఉబ్బితబ్బిబ్బయిపోయి లైబ్రరీ గోడ సంగతి కూడా చెప్పేశాను. ఏరినవేవో, ఏ తారీఖో కూడా చెప్పాను. టీ పెట్టిచ్చాను. పంచదార ఎక్కువైనా ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 26, గురువారం

కోపం ఉంది. చాలా ఉంది. దాచేదేముంది.

మధ్యాహ్నం లైబ్రరీ మేడమ్ ఫోన్ చేసింది. "మీ అన్నయ్యగారు పొద్దున ఫోటోలు తెచ్చిచ్చారు. కింద స్టూడియో పేరుంది. ఇవి మీరు చూపించినవేనా? అందరూ నవ్వుతున్నారేంటి?"

పరుగున కిందికి దిగాను. కంప్యూటర్ తెరిచి చూస్తే బస్సు డ్రైవరు కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. అవి ఆయన కళ్ళు కావు, ఇంకెవరివో తెచ్చి అతికించాడు. మాస్టారి నుదుటి గీతలు మాయం. దర్జీ ఆవిడ వయసు పదిహేనేళ్ళు తగ్గింది. అందరి పెదాల చివర్లూ ఒకే కొలతలో పైకి లేచి ఉన్నాయి.

పెద్ద గదిలో లైటు సర్దుతున్నాడు అన్నయ్య.

"ఏం చేశావు అన్నయ్యా ఇది?"

"రెండు రోజులు కూచుని ఒక్కొక్కటీ బాగుచేశా. నడుం పడిపోయింది. ఇప్పుడు చూడు, గోడ మీద పెడితే ఎంత కళగా ఉంటాయో."

"నావి అవి!"

"నీవంటే? కెమెరా ఎవరిది? లైటు ఎవరిది? ఆ స్టూలు ఎవరిది?"

"వేలు నాది."

ఈ మాట ఎలా వచ్చిందో తెలీదు, వచ్చింది. అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. పాత ఫోటోలు ఏవని అడిగితే, అదే పేరు మీద సేవ్ చేశాను, పాతవెందుకు అన్నాడు. నా పెన్‌డ్రైవ్‌లో కాపీలున్నాయని అప్పుడు గుర్తొచ్చింది. అయినా తగ్గలేదు, గొంతు చించుకుని అరిచాను. "నన్నొక్క మాట అడక్కుండా ఎలా తీసుకుంటావు?"

వదిన కౌంటర్లోంచి లేచి వచ్చి ఎప్పుడు నిలబడిందో చూడలేదు. స్క్రీన్ మీద ఉన్నది తన ఫోటోనే. అన్నయ్య దిద్దిన ఫోటో, బుగ్గలు నున్నగా, పెదాల మీద నవ్వు. దాన్ని చూసింది. తర్వాత నావైపు తిరిగింది. ఆయన వైపు కాదు, నావైపు.

"నన్ను అడిగి తీశావా నువ్వు?"

ఫిబ్రవరి 27, శుక్రవారం

వదిన అలా అనాల్సింది కాదు. అదీ ఆయన ముందు.

ఫిబ్రవరి 28, శనివారం

రెండూ ఒకటెలా అవుతాయి? అన్నయ్య తీసుకున్నది నా పని. నేను తీసుకున్నది ఒక క్షణం. వాళ్ళకి అక్కర్లేని క్షణం, స్టూలు మీద వదిలేసి పోయేది. చెత్తబుట్టలో కాయితం ఏరుకున్నదాన్ని దొంగ అంటారా?

చదువుకున్నాను. ఇది అన్నయ్య మాటలాగే ఉంది. పాతవెందుకు అన్నాడు చూడు, అలాగే ఉంది.

అడిగితే తీయలేను. అడిగితే ఆ మొహం రాదు. అది నిజం.

తీశాక అడగొచ్చుగా అని వదిన అనలేదు. నాకే అనిపించింది. మూడేళ్ళలో ఒక్కరికైనా చూపించి ఉండొచ్చు. వద్దంటారేమోనని భయం. మొన్నటిదాకా జాగ్రత్త కోసం అని రాసుకున్నదాన్ని.

మార్చి 2, సోమవారం

మేడమ్‌కి చెప్పేశాను. వాళ్ళకి తెలీదు, మీకు అబద్ధం చెప్పాను అని. కసురుతుందనుకున్నాను. చేతిలో పుస్తకం పక్కన పెట్టి, "ఇప్పుడు చెప్పారుగా" అంది. అన్నయ్య ఇచ్చిన కవరు అప్పటికే తిప్పి పంపేసిందట. గోడ నా పేరు మీదే ఉంటుంది. కాకపోతే ఎవరి ఫోటో పెట్టాలన్నా వాళ్ళ సంతకం కావాలి. సంతకం లేకపోతే అది గోడ ఎక్కదు.

సాయంత్రం అన్నయ్యకి కూడా చెప్పాను. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తాను, అసలు ఫోటో చూపిస్తాను, అడుగుతాను.

"బుద్ధుందా? నా కస్టమర్ల ఇళ్ళకి వెళ్ళి, మీకు తెలీకుండా ఇలా తీశానని చెప్తావా? రేపటినుంచి మన గడప తొక్కుతారా ఎవరైనా?"

"తొక్కకపోతే అది నేను చేసిందే. నేనే చెప్పుకోవాలి."

"వెళ్తే మళ్ళీ ఆ గదిలోకి రానక్కర్లేదు. మేడ మీద గది కూడా చూసుకో ఇంకోటి."

ఇంతెత్తున ఎగిరాడు గానీ, ఆ మాట అన్నాక ఆయన మొహమే పాలిపోయింది. వెనక్కి తీసుకుంటాడని కాసేపు చూశాను. తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు.

పాస్‌పోర్ట్ గది తాళంచెవి కౌంటరు మీద పెట్టేశాను.

మార్చి 4, బుధవారం

మొదట బస్సు డ్రైవరు. డిపో బయట బెంచీ మీద దొరికాడు. జరిగింది చెప్పి, ఫోటో చేతికిచ్చి, తిట్లు తినడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన ఫోటోని దూరంగా పట్టుకుని చూసి పడీపడీ నవ్వాడు.

"ఇది నేనెక్కడ మేడమ్? ఇది మా నాన్న! డ్యూటీ దిగొచ్చి గుమ్మంలో కూచుంటే అచ్చం ఇలాగే ఉండేవాడు."

తోటి డ్రైవర్లందరికీ తిప్పి చూపించి, సంతకం పెట్టి, మా తమ్ముడికోటి కావాలన్నాడు.

రెండోది నర్సు. నేను ఎక్కువ ఆశపెట్టుకున్నది ఆవిడ మీదే. నిలబడే చూసింది. "నా డ్యూటీలో నేను ఇలా కనిపించనండి. కనిపించకూడదు. వద్దు." అంతే, లోపలికెళ్ళిపోయింది. ఫోటో ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. అడగలేదు నేను.

మార్చి 5, గురువారం

లెక్కల మాస్టారు నేను రాసుకెళ్ళిన అనుమతి కాయితం ఎర్రపెన్నుతో దిద్దారు. మూడు తప్పులు. "అమ్మాయ్, 'దీనిమూలముగా' అని మొదలుపెట్టావు, ఏ మూలమో రాయలేదు." ఫోటో మాత్రం దిద్దమనలేదు. మళ్ళీ రాయించి అప్పుడు పెట్టారు సంతకం.

ఇన్సూరెన్స్ ఆయన తన ఫోటో చూడగానే నా మొహం మీదే తలుపేశాడు. వేసే ముందు పోలీసులకి చెప్తానన్నాడు. చెప్పమన్నాను తలుపుకి.

దర్జీ ఆవిడ చాలాసేపు చూసి, మొహం బాగానే ఉంది, కాలరు వంకరగా ఉంది, అది సరిచేస్తే సంతకం పెడతానంది. ఊరందరి కాలర్లూ కుట్టే మనిషిని, నా కాలరు అలా ఉంటే ఎలా అంది. నిజమే ఆవిడ చెప్పేది. కంప్యూటర్లో రెండు నిమిషాల పని. కాలరు ఒక్కటే కదా అని మనసు పీకింది. చెయ్యనని చెప్పాను. ఆవిడా పెట్టనంది. ఇద్దరం మర్యాదగా విడిపోయాం.

మార్చి 7, శనివారం

కాళ్ళు నొప్పులు. ఏడు సంతకాలు.

మార్చి 9, సోమవారం

పదకొండు. తొమ్మిదిమంది వద్దన్నారు, ముగ్గురు ఊళ్ళోనే లేరు. వద్దన్న తొమ్మిదిమంది దగ్గరికీ లాప్‌టాప్ మోసుకుని మళ్ళీ వెళ్ళి, వాళ్ళవి వాళ్ళ ముందే పెన్‌డ్రైవ్‌లోంచి తీసేశాను. ఒకావిడ, నిజంగా పోయిందా అని రెండుసార్లు అడిగింది. పోయిందండి అన్నాను. చెప్తుంటే ఏడుపొచ్చింది, ఎందుకంటే అది చాలా మంచి ఫోటో.

ఇక వదిన.

మార్చి 10, మంగళవారం

అన్నయ్య బయటికెళ్ళిన టైము చూసుకుని దిగాను. వదిన కౌంటర్లోనే ఉంది. అసలు ఫోటో ప్రింటు కవర్లోంచి తీసి ముందు పెట్టాను. అన్నయ్య దిద్దింది తప్ప ఇది తను చూడలేదు.

చూసింది. వేలితో అంచు సర్దింది.

"వదినా, పన్నెండేళ్ళలో నేను తీసినవాటిలో ఇదే మంచిది. ఇది లేకపోతే మిగతావి ఉట్టివే. నీకు దణ్ణం పెడతాను."

"బాగా తీశావు."

"మరి?"

"వద్దు."

"అన్నయ్య వద్దన్నాడా?"

అప్పుడు తలెత్తింది. "మీ అన్నయ్య నన్నేం అడగలేదు. అడిగింది నువ్వే, అదీ ఇప్పుడు. ఇంట్లో అందరికీ అన్నీ ఇచ్చాను. ఈ మొహం ఎవరికీ ఇవ్వలేదు. ఉందని నాకే తెలీదు. ఇప్పుడు తెలిసింది కదా, నా దగ్గర ఉండనీ."

"అందరూ చూస్తే ఏమవుతుంది వదినా?"

"అందరిదీ అవుతుంది."

మార్చి 11, బుధవారం

పెట్టేస్తాను. ఉద్యోగం పోయింది, గది పోతోంది. ఇంకేం చేస్తారు నన్ను? ఆయనే చెప్పించి ఉంటాడు వదినతో. ఈ ఇంట్లో వద్దు అనే మాట ఎవరు అనిపిస్తారో నాకు తెలీదా. పెట్టేస్తాను.

మార్చి 12, గురువారం

పెట్టను.

కిటికీ ఆయన గుర్తొచ్చాడు. ఏడాదంతా తన పద్ధతి తను తప్పలేదు, అందుకే నేనా పేజీ దగ్గర ఆగిపోయాను. నేను కాలరు దిద్దనని దర్జీ ఆవిడతో పంతానికి పోయాను. తొమ్మిదిమంది ముందు తుడిచేశాను. వదిన దగ్గర మాత్రం తప్పుతానా, తనది అన్నిటికంటే బాగా వచ్చిందని? బాగా రాని వాళ్ళ 'వద్దు' చెల్లుతుంది, బాగా వచ్చినవాళ్ళ 'వద్దు' చెల్లదా?

అన్నయ్య చెప్పించాడని రాశాను నిన్న. అబద్ధం. రాస్తున్నప్పుడే తెలుసు.

వదిన ఫోటో వేరే పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, నా దగ్గరున్నవి తుడిచేసి, పెన్‌డ్రైవూ ప్రింటూ తీసుకెళ్ళి తన చేతిలో పెట్టాను. ప్రపంచంలో ఇదొక్కటే ఉంది వదినా అన్నాను. హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పు అరలో పెట్టుకుంది. నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

పైకొచ్చి మంచం మీద పదకొండు పేర్చాను. ఆఖర్న ఎవరూ లేరు. రెండు గంటలు ఏడ్చి, మళ్ళీ మొదటినుంచి పేర్చాను.

మార్చి 13, శుక్రవారం

కింద పాస్‌పోర్ట్ గదిలోంచి అన్నయ్య గొంతు మేడ మీదకి వినిపిస్తోంది. ఓకే, నెక్స్ట్. ఓకే, నెక్స్ట్. పొద్దున్నించీ ఇరవైసార్లు.

మార్చి 16, సోమవారం

మేడమూ నేనూ దారం కట్టి, మట్టం చూసుకుని మేకులు కొట్టాం. పదకొండు ఫోటోలకి గోడ పెద్దదైపోయింది. వద్దన్నవాళ్ళ చోట ఖాళీ ఫ్రేములు పెడితే బాగుంటుందేమో, చూసేవాళ్ళు ఆలోచిస్తారు అంది మేడమ్. ఒక్క నిమిషం నాకూ ఆశ పుట్టింది. ఖాళీగా అయితేనేం, వేలాడదీసినట్టేగా. వద్దన్నవాళ్ళు గోడ మీద అసలు ఉండకూడదు అన్నాను. మేడమ్ మేకులు తీసి డబ్బాలో వేసింది.

నా పేరు ఎడమ పక్కన, చిన్న అట్ట మీద. అక్షరం తప్పు పడిందేమోనని నాలుగుసార్లు చూసుకున్నాను.

మార్చి 18, బుధవారం

జనం బాగానే వచ్చారు. మొదట అందరూ గబగబా నడిచారు, పాస్‌పోర్ట్ ఫోటోలే కదా అన్నట్టు. నాలుగోదాని దగ్గర నడక తగ్గింది. ఆరోదాని నుంచి ఒకావిడ మళ్ళీ మొదటిదాని దగ్గరికి వెనక్కి వెళ్ళింది. నేను తలుపు పక్కన నిలబడి అదే చూస్తున్నాను. నా జన్మలో ఇంతకంటే గొప్పది చూడలేదు, ఒకావిడ వెనక్కి నడవడం. బస్సు డ్రైవరు తమ్ముణ్ణి, తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ తల్లి ఫోటో ముందు కుర్చీ వేయించుకుని కూచుంది. మాస్టారు నా పేరు రాసిన అట్ట దగ్గర ఆగి, తప్పులేమీ దొరక్క, తల పంకించి వెళ్ళారు.

వదిన అయిదింటికి వచ్చింది, ఒక్కతే. హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళింది.

తర్వాత కాసేపటికి అన్నయ్య. వస్తాడనుకోలేదు. నాతో మాట్లాడకుండా మొదలుపెట్టి, చివరిదాకా చూశాడు. కళ్ళజోడు దించుకుని చూశాడు. చివర్న గోడ వైపే తిరిగి చాలాసేపు నిలబడి, నా దగ్గరికి వచ్చాడు.

"మీ వదినది లేదేం?"

"వద్దంది."

"అసలుది నీ దగ్గరుందా?"

"లేదు."

తలూపాడు. వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. పోలేదు.

"కళ్ళకింద నలుపు తీసేశాను. పెదాలు పైకి లాగాను. ఇవాళ వీళ్ళందర్నీ చూస్తుంటే గుర్తుతెచ్చుకుందామని చూస్తున్నా, ఏం చూసి లాగానో గుర్తురావట్లేదే. దిద్దేశాను గానీ, చూడలేదు." మళ్ళీ గోడ వైపు చూశాడు. "ఎలా ఉంది అందులో? నువ్వు చూశావుగా. చెప్పవే."

మా అన్నయ్య నన్ను ఇలా అడగడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదలు. ఫోటో గురించి, నన్ను. నాకు ఆ మొహంలో ప్రతి గీతా కంఠతా వచ్చు. నాలుగు మాటల్లో చెప్పగలను. చెప్తే గది తిరిగొచ్చేది, స్టూలు తిరిగొచ్చేది, నేనడక్కుండానే తాళంచెవి నా చేతిలో పెట్టేవాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"చెప్పను అన్నయ్యా. అదుగో, అక్కడుంది. వెళ్ళి అడుగు."

కళ్ళజోడు సరిచేసుకున్నాడు. తర్వాత వెళ్ళాడు. వదిన పక్కన కొంచెం దూరంగా ఆగి, ఏదో అన్నాడు. వదిన ఆయన వైపు తిరిగింది.

నేనున్న చోటినుంచి వదిన వీపే కనిపిస్తోంది. వచ్చినవాళ్ళని తీయమని మేడమ్ ఇచ్చిన లైబ్రరీ కెమెరా మెళ్ళో ఉంది. రెండడుగులు పక్కకి వేస్తే మొహం కనిపించేది. వెయ్యలేదు.